సంగీతము నేర్చిన బాలికకు దారి యేది?

సాయంకాలము దీపము పెట్టు వేళ మన వీథులలో నడచి పోవునపుడు ఏదో యొక యింటినుండి సరళీ వరుసలు వినబడక మానవు. శ్రుతిపెట్టె మ్రోగుచుండును. చిన్నపిల్ల యొకతె మాయామాళవగౌళలో మొదటి కాలము ముగించి రెండవ కాలము మొదలిడుచుండును. లోపలినుండి తల్లి "తాళము తప్పినది, మరల చెప్పు" మనుచుండును. ఈ ధ్వని మన యిండ్లకు శోభ. విజయవాడలో నైనను, హైదరాబాదులో నైనను, పది యంతస్తుల మేడలు లేచిన నేటి దినములలో నైనను ఈ యాచారము మాసిపోలేదు. ఆడుబిడ్డకు నాలుగు కీర్తనలు రావలెనని కోరని తల్లి మనలో నరుదు.

అయితే, సోదరీమణులారా! ఒక ప్రశ్నను మనము మనకు వేసికొనుట లేదు. ఆ బిడ్డ పది పండ్రెండేండ్లు శ్రమించి, నిజముగా విద్య సంపాదించి, "అమ్మా! నేను దీనినే వృత్తిగా గైకొందును" అనిన నాడు మనమేమి సమాధానము చెప్పవలెను?

నా సంగతియే మొదట చెప్పెదను. నాకు వివాహమైనపుడు సారెతో పాటు బొబ్బిలి వీణ యొకటి నా వెంట వచ్చినది. ఒక్క పనసమ్రాని తొలిచి చేసిన వీణ. మా తండ్రిగారు బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లికి స్వయముగా పోయి చేయించి తెచ్చిరి. పెండ్లిచూపులనాడు నేను వాయించిన కీర్తనను వచ్చినవారందఱు మెచ్చుకొనిరి. అదియే నా తుది కచేరి యైనది! అత్తవారింట నన్ను వాయింపవలదని యెవరును అనలేదు, వాయింపుమనియు ననలేదు. వేకువను కాఫీలు, పిమ్మట వంట, పిల్లల బడులు, రాకపోకల చుట్టములు. వీటి నడుమ వీణకొక గంట యెవరును కేటాయింపలేదు, నేనును అడుగలేదు. గవుసెన తొడిగిన వీణ గదిమూలను నిలిచిపోయినది. వేసవి వేడిమికి మైనము సడలి మెట్లు కదలినవి. దీనికి నేనెవరిని నిందింపను. జరిగినది జరిగినట్లు చెప్పుచున్నాను.

గత వేసవిలో మా చెల్లెలి కూతురు మా యింటికి వచ్చినది. దానికి పదునేడేండ్లు. ఏడవ యేటినుండి గాత్రము నేర్చుచున్నది. ఇంటర్మీడియటు పరీక్ష ముగిసినది. ఒకనాటి మధ్యాహ్నము అది గవుసెన విప్పి, సడలిన మెట్లను వ్రేలితో తాకి చూచి, "పెద్దమ్మా! దీని నెందుకు విడిచితివి?" అని యడిగెను. నేను నవ్వి యూరకుంటిని. అంతట అది, "ఇంజనీరింగులో చేరుమని నాన్నగారి పట్టుదల. నేను పాటనే నమ్ముకొందునన్నచో, 'పాట తిండి పెట్టునా?' అని యడుగుచున్నారు. నీవు చెప్పు, పెట్టునా?" అనెను.

ఆ పిల్లకు నాడు నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. తరువాత నేను విచారించి తెలిసికొన్న విషయములనే మీ ముందుంచుచున్నాను.

"పాట తిండి పెట్టునా?" అను ప్రశ్న క్రొత్తది కాదు. విజయనగరములోని సంగీత కళాశాల యీ ప్రశ్ననుండియే పుట్టినదని చెప్పుదురు. మహారాజు కొలువులో నున్న యొక యుద్యోగికి కన్నులు లేని కుమారుడుండెను. వీని బ్రదుకెట్లు గడచునని తండ్రి విన్నవించుకొనగా, విజయరామ గజపతిరాజు గారు 1919లో నా పాఠశాలను స్థాపించిరని ప్రసిద్ధి. ఆదిభట్ల నారాయణదాసు గారు దాని ప్రథమాధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడు గారు అచ్చట చేరునప్పటి కింకను ముప్పది యేండ్లు నిండని యువకులు. విద్యార్థిగా చేరవచ్చిన వానిని ఆచార్యునిగా నియమించిరని కథ గలదు. ఆయనయే 1936లో ఆ కళాశాలకు అధ్యక్షులైరి. ఘంటసాల వేంకటేశ్వరరావు గారును, పి. సుశీల గారును ఆ కళాశాలలో చదివినవారే. అనగా, ఒక బిడ్డ యెట్లు బ్రదుకునని తండ్రి యడిగిన ప్రశ్నకు విద్యయే సమాధానమై, తరువాత వందల కుటుంబములకు జీవనమైనది.

ఇక స్త్రీల సంగతి. మన బాలిక సభలో కూర్చుండి పాడుట నేడు సహజముగా తోచుచున్నది గాని, ఆ చోటు ఊరక వచ్చినది కాదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి యారాధనమునందు ఒకప్పుడు స్త్రీలకు పాడు నవకాశము లేకుండెను. బెంగుళూరు నాగరత్నమ్మ గారు పాటవలన తానార్జించిన ధనమును వెచ్చించి ఆ స్వామి సమాధిపై మందిరము కట్టించిరి. అయినను గోష్ఠిలో ఆమెకు చోటు దొరకలేదు. ఆమె యలిగి యింటికి పోలేదు. 1927లో స్త్రీలకొక ప్రత్యేక గోష్ఠిని ఏర్పఱచి పాడించిరి. 1940 ప్రాంతమున అన్ని పక్షములును ఏకమై స్త్రీపురుషులు కలిసి యారాధనము జరుపసాగిరి.

చెన్నపట్టణపు సంగీత విద్వత్సభ 1928లో స్థాపింపబడెను. సంగీత కళానిధి యను బిరుదము ఒక స్త్రీకి మొదటిసారి దక్కినది 1968లో, ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గారికి. నడుమ నలువది యేండ్లు గడచినవి! 1970లో డి. కె. పట్టమ్మాళ్ గారికి, 1977లో ఎం. ఎల్. వసంతకుమారి గారికి ఆ గౌరవము లభించెను. రాగము, తానము, పల్లవి పురుషుల సొత్తని తలచు దినములలో పట్టమ్మాళ్ గారు పల్లవి పాడి పేరుగాంచిరి. గృహస్థుల యింటి బాలిక సభలో పాడుటయే వింతయైన కాలమది. అప్పుడా తలిదండ్రులు "లోకులేమందురో" యని వెనుదీసియుండిన మన మా పాటను వినియుండెడివారము కాము.

ఇంతవఱకు చెప్పినది కీర్తిమంతుల కథ. మన పిల్లలందఱును సుబ్బులక్ష్ములు కాజాలరు, కానక్కఱయు లేదు. కాబట్టి సామాన్యముగా మంచి విద్య గల బాలికకు నేడున్న దారులను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది కచేరి. పిల్లలందఱి కన్నులును దీనిమీదనే. అయితే నిజము చెప్పవలెను. క్రొత్తగా వేదిక యెక్కువారికి సభలవా రిచ్చునది స్వల్పము. పెక్కుచోట్ల తాంబూలము, శాలువ, ప్రశంసాపత్రముతో సరి. చెన్నపట్టణమున మార్గశిర మాసపు సంగీతోత్సవములలో యువకులకు దొరకునది మధ్యాహ్నపు వేళ. అప్పుడు శ్రోతలు పలుచగా నుందురు. ప్రయాణపు ఖర్చు, ప్రక్కవాద్యముల వారికిచ్చునది, తగిన చీర, బస - ఇవి యన్నియు తొలి యేండ్లలో ఇంటినుండియే పెట్టవలసి వచ్చును. కొన్ని యేండ్లిట్లు గడచినగాని పేరు రాదు. పేరు వచ్చునను పూచీ యెవరును ఈయజాలరు. ఇది తెలిసియే దిగవలెను.

రెండవది రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. స్వరపరీక్షలో నెగ్గినవారికి 'బి' శ్రేణి, తరువాత 'బి హై', 'ఎ', అన్నిటికంటె పైది 'టాప్' అను శ్రేణులున్నవి. శ్రేణిననుసరించి పారితోషికము. ఏడాదికి కొలది పర్యాయములే పాడుట దొరకును గనుక దీనితోనే సంసారము నడువదు. కాని ఆ శ్రేణి సభలకును, కళాశాలలకును ఒక యోగ్యతాపత్రము వంటిది. శ్రీరంగం గోపాలరత్నం గారిని తలచుకొనుడు. 1939లో జన్మించిన యామె విజయవాడ కేంద్రమున పనిచేసి, భక్తిరంజని మూలమున తెలుగువారి వేకువలలో తన కంఠమును నిలిపిరి. పిమ్మట హైదరాబాదు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. 1992లో పద్మశ్రీ పొందిరి. రేడియో ఉద్యోగము, బోధనము, కచేరి - ఈ మూడును పెనవేసికొనిన జీవితమది.

మూడవది ప్రక్కవాద్యము. ఆడుపిల్లలలో గాత్రము, వీణ నేర్చువారే హెచ్చు. వాయులీనము పట్టువారు తక్కువ. మృదంగము పట్టువారు మఱియు తక్కువ. స్త్రీ పాడు కచేరికి మృదంగము వాయింపమని పురుష విద్వాంసులు కొందఱు నిరాకరించిన దినము లుండెను. ఆడుపిల్ల వాయులీనమును వలదను గాయకులును లేకపోలేదు. ఆ యడ్డంకులను దాటినవారిలో మన విజయనగరపు ఆడుపడుచు అవసరాల కన్యాకుమారి గారొకరు. ఇవటూరి విజయేశ్వరరావు గారి శిష్యురాలు. వసంతకుమారి గారికి బహుకాలము ప్రక్కవాద్యము వాయించిరి. 2016లో ఆమెకు సంగీత కళానిధి లభించెను. వాయులీనము వాయించు స్త్రీకి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. కచేరి కచేరికిని ప్రక్కవాద్యము కావలసియే యుండును గదా! ఈ దారిని గూర్చి తల్లులు ఆలోచింపవలెను.

నాలుగవది బోధనము. నిజమునకు సంగీతముచే జీవించు స్త్రీలలో పెక్కురకు అన్నము పెట్టుచున్నది ఇదియే. ప్రభుత్వ సంగీత కళాశాలలలో నాలుగేండ్ల సర్టిఫికెటు, దానిపై రెండేండ్ల డిప్లొమా చదువులున్నవి. తిరుపతిలో దేవస్థానమువారి సంగీత నృత్య కళాశాల యున్నది. అచ్చటనే 1983లో స్థాపింపబడిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునను సంగీతము పాఠ్యాంశము. అయితే కళాశాల యుద్యోగములు మిక్కిలి తక్కువ, కోరువారెక్కువ. కాబట్టి ఇంటికడ పాఠములు చెప్పుటయే ప్రధానమైనది. ఇందులో నేటి కాలము క్రొత్త తలుపొకటి తెఱచినది. అమెరికాలోని తెలుగు కుటుంబములవారు తమ పిల్లలకు కంప్యూటరు తెర మూలమున ఇచ్చటి గురువులచేతనే పాఠము చెప్పించుకొనుచున్నారు. అచ్చటి సాయంకాలము మనకు వేకువ. తెల్లవారుజామున లేచి, ముగ్గు పెట్టకముందే రెండు పాఠములు చెప్పి ముగించు గృహిణులను నేనెఱుగుదును. ఇల్లు కదలకుండ, పసిబిడ్డను ప్రక్కనుంచుకొని, ఒక స్త్రీ తన విద్యచే గౌరవముగా నార్జించు మార్గమిది.

ఐదవది మఱియొక వృత్తి చేయుచు సంగీతమును నిలుపుకొనుట. శ్రీపాద పినాకపాణి గారు వృత్తిచే వైద్యులు. కర్నూలు వైద్యకళాశాలలో ఆచార్యులు. అయినను నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ వంటి మహావిద్వాంసులకు శిక్షణమిచ్చి, 1983లో సంగీత కళానిధి యైరి. "చూడుము, చదువును విడువలేదు, పాటను విడువలేదు" అని మా మఱదిగారు ఈ యుదాహరణమునే తన కూతునకు చెప్పుచుండిరి. మంచి యుదాహరణమే. కాని ఒక మాట మఱువరాదు. లోకములో పురుషుడు రెండు పడవలు నడుపునపుడు వంటయిల్లను మూడవ పడవను సాధారణముగా వేఱొకరు నడుపుచుందురు. ఆడుపిల్లకు "రెండును చేసికొనుము" అని చెప్పుట సులభము. ఆ మూడవ పడవ యెవరు నడుపుదురో కూడ చెప్పిననే ఆ సలహా పూర్తియగును.

ఈ విషయమున కెల్ల కీలకమిచ్చటనే యున్నదని నా యభిప్రాయము. మనము సంగీతమునకు ధనము చాలదని చింతించుచున్నాము. నిజముగా చాలనిది కాలము. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు, గీతములు, పిమ్మట వర్ణములు, కృతులు - ఇవి గురువు నేర్పగలడు. రాగాలాపన, నెరవు, కల్పనస్వరము ఎవరికి వారు సాధించుకొనవలసినవి. దినమునకు మూడు నాలుగు గంటలు ఏకాగ్రతతో కూర్చుండిననే అవి చేతికి వచ్చును. ఆ గంటలు సరిగా ఏ వయస్సున కావలెనో, ఆ వయస్సుననే మన మాడుపిల్ల చేతినుండి వానిని లాగికొనుచున్నాము. పదవ తరగతి యనగానే పాఠము మాన్పింతుము. ఇంటర్మీడియటు అనగానే శ్రుతిపెట్టెను అటకమీద పెట్టుదుము. తరువాత పెండ్లి, పురిటి మంచము. ముప్పదవ యేట ఆమె మరల పాడబూనిన కంఠము పూర్వమువలె పలుకదు. అప్పుడు "దానికి శ్రద్ధ చాలలేదు" అందుము! శ్రద్ధ చాలకపోలేదు, సోదరీ! గంటలు చాలలేదు.

కాబట్టి తల్లులకు కొన్ని మాటలు విన్నవింతును. బిడ్డ పదునాలుగు పదునైదేండ్లది కాగానే ఆమె గురువుగారిని ఏకాంతమున కలిసి, "దీనియందు నిజమైన విద్వత్తు కలదా? మొగమోటము లేక చెప్పుడు" అని యడుగుడు. బంధువుల చప్పట్లను ప్రమాణముగా గొనకుడు. గురువు కలదన్నచో, పరీక్షల యేడు కూడ దినమునకు గంటయైనను సాధన తప్పనీయకుడు. కేంద్రప్రభుత్వమువారు పది మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల బాలబాలికలకు కళలయందు విద్యార్థి వేతనము లిచ్చుచున్నారు. పదునెనిమిది మొదలు ఇరువదియైదేండ్లవారికి నెలకు 5,000 రూపాయల వంతున రెండేండ్లిచ్చు వేతనము వేఱుగా నున్నది. వీనికి వయోనియమము గలదు గనుక కాలము దాటకముందే దరఖాస్తు పెట్టుడు. కచేరియై రాత్రి పొద్దుపోయి వచ్చు పిల్లకు తోడుగా తండ్రియో, అన్నయో పోవునట్లు చూడుడు. "ఆలస్యమైనదేమి?" అని గుమ్మముకడ గద్దించు ఇంటిలో పాట నిలువదు.

అత్తగారలకును ఒక మాట. పెండ్లిచూపులలో "పాట వచ్చునా?" యని మనమే యడుగుదుము. వచ్చునన్నచో సంతోషింతుము. ఆ యడిగిన పాటను కోడలు వచ్చిన తరువాత వినుట కూడ మన విధి కాదా? దినమునకొక గంట ఆమె గది తలుపు మూసికొనిన, ఆ గంట పొయ్యికడ మనము నిలుచుట గొప్ప త్యాగము కాదు. కన్నవారు పది యేండ్లు పెంచిన చెట్టును మన పెరటికి తెచ్చుకొని నీరు పోయక యెండగట్టుట ధర్మము కాదు.

ఇక మా యింటి సంగతి. ఈ విషయములనన్నిటిని నేనొక కాగితముపై వ్రాసికొని మా చెల్లెలి యింటికి పోయితిని. మఱదిగారు ఓపికతో వినిరి. "వదినగారూ! నేను పాటకు శత్రువును కాను. నా తదనంతరము అది యెవరి ముందును చేయి చాపరాదు. అంతియే నా భయము" అనిరి. ఆ మాటలో దోషమేమున్నది? అది తండ్రి మాట. ఆ భయమును తేలికగా తీసివేయువారు బిడ్డకు మేలు చేసినవారు కారు. చివరకు ఇట్లు ఒప్పందమైనది. పిల్ల ఇంజనీరింగునకు పోదు. తమ యూరిలోనే బి.ఏ. చదువును. సాయంకాలములు సంగీత కళాశాలలో డిప్లొమాకు పోవును. మూడేండ్లలో రేడియో స్వరపరీక్షకు నిలువవలెను. ఉదయము అయిదు మొదలు ఏడు గంటలవఱకు సాధన. ఆ వేళ దాని నెవరును పనికి పిలువరాదు. ఈ తుది నియమమును మా మఱదిగారే స్వయముగా చెప్పిరి. ఆ రెండు గంటలు పాలు కాచుట, కాఫీ కలుపుట తన వంతనియు చెప్పిరి. మా చెల్లెలు కొంగుతో కన్నులు తుడుచుకొన్నది.

మూడేండ్ల తరువాత నేమగునో నే నెఱుగను. ఆ పిల్ల విదుషియే కావచ్చును, పది మందికి పాఠములు చెప్పు గురువే కావచ్చును, వేఱొక యుద్యోగమునే చేయవచ్చును. ఏమైనను, అడుగకయే విడిచితినను బాధ దానికుండదు. ఆ బాధ యెట్టిదో నాకు తెలియును.

నా వీణను మొన్న మెట్లు బిగించువాని చేత బాగుచేయించితిని. మైనము క్రొత్తది పెట్టి, ఇరువదినాలుగు మెట్లను మరల నమర్చి, తంత్రులు మార్చినాడు. వ్రేళ్లు మొద్దువారినవి, గమకము పలుకుట లేదు. అయినను సాయంకాలము దీపము పెట్టి సరళీ వరుసలతో మరల మొదలిడితిని. మా కోడలు వచ్చి ప్రక్కన కూర్చుండి, "అత్తయ్యగారూ! వంట నేను చూచెదను, మీరు కానిండు" అనినది.

ఆ యొక్క మాట మన యిండ్లలో ఇరువది యేండ్ల పిల్లకు దొరకవలెను. అరువది యేండ్లు నిండువఱకు ఆమె దానికై వేచియుండరాదు.